టాలీయా, వ్యాపారా, జోహోనా? అది ఆఖర్న చూద్దాం, ముందు జీఎస్టీ సెట్టింగ్ సంగతి

పగలంతా విజయవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్టు లెక్కలు రాస్తాను, రాత్రిపూట బంధువులవీ తెలిసినవాళ్లవీ మరో నాలుగు కొట్లవి. "టాలీ కొనమంటావా, వ్యాపార్ యాప్ చాలంటావా, జోహో అంటున్నారు అదేంటి" అని వారానికి ఒకరైనా అడుగుతారు. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ పేరు ఆఖర్న మాట్లాడుకుందాం, ముందు మీ కొట్టు టాక్స్ సంగతి తేల్చండి అంటాను. జీఎస్టీ లెక్క కట్టడం ఈ మూడింటికీ వచ్చు, మనం తప్పు చెప్తే మూడూ అంతే శ్రద్ధగా తప్పు లెక్క కడతాయి. చిట్టా ఆవర్జాల రోజుల్లో గుమస్తా ఒక బిల్లులో తప్పు చేస్తే పోయేది ఆ ఒక్క బిల్లే. ఇక్కడ సెట్టింగ్‌లో ఒక గడి తప్పు నింపితే ఎవరో ఒకరు కనిపెట్టేదాకా ప్రతి బిల్లూ తప్పే.

కాంపోజిషనా, రెగ్యులరా

ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా జీఎస్టీ దగ్గర మొదట తేల్చమనేది ఇదే, చాలామంది ఆలోచించకుండా నొక్కేసేదీ ఇదే. ఏడాది అమ్మకం కోటిన్నర లోపు ఉన్న సరుకు వ్యాపారులకి, తయారీదారులకి కాంపోజిషన్ అనే సులువు పద్ధతి దొరుకుతుంది. అమ్మకం మీద 1 శాతం కట్టేస్తే సరి, హోటల్ అయితే 5 శాతం, మూడు నెలలకోసారి సీఎంపీ-08 ఫారం, ఏడాదికోసారి జీఎస్టీఆర్-4 రిటర్న్. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ ఆ 1 శాతం మీ జేబులోంచే పోవాలి, బిల్లులో వేసి వసూలు చేయకూడదు, కొన్న సరుకు మీద కట్టిన టాక్స్‌ని తీసేసుకునే వీలు, అంటే క్రెడిట్, రాదు, బిల్లు మీద టాక్స్ ఇన్వాయిస్ అని కాకుండా బిల్ ఆఫ్ సప్లై అని ఉండాలి. అన్నిటికన్నా పెద్ద మెలిక, మీరు అమ్మే సరుకు రాష్ట్రం దాటకూడదు.

మా పిన్ని గుంటూరు బ్రాడీపేటలో పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. గోంగూర, ఆవకాయ, పండుమిరప. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే, అందులో సగం హైదరాబాద్‌వి. కాంపోజిషన్ పెట్టేయమంది. కుదరదు పిన్నీ, నీ సరుకు రాష్ట్రం దాటుతోంది అన్నాను. "హైదరాబాద్ పంపితే రాష్ట్రం దాటడం ఏంట్రా, మీ అక్క ఉండేది అక్కడేగా!" అంది. అక్క ఉన్నా సరే, 2014 తర్వాత టాక్స్ లెక్కలో హైదరాబాద్ మనకి చెన్నై లాంటిదే. టాక్స్ పడే సరుకు పక్క రాష్ట్రానికి అమ్మేవాళ్లకి కాంపోజిషన్ లేదు సరికదా, మన రాష్ట్రంలో సరుకు వ్యాపారులకి ఉన్న 40 లక్షల రిజిస్ట్రేషన్ మినహాయింపు కూడా వర్తించదు, మొదటి సీసా నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. పచ్చళ్లమ్మే ఇళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

లెక్క కూడా వేసి చూపించాను. ఏడాదికి 10 లక్షలు వసూలైతే కాంపోజిషన్‌లో 10 వేలు. రెగ్యులర్‌లో, అంటే బిల్లులో టాక్స్ వేసి వసూలు చేసే మామూలు పద్ధతిలో, పచ్చళ్లకి ఇప్పుడు 5 శాతం (2025 సెప్టెంబరు 22 దాకా 12 ఉండేది), ఆ 10 లక్షల్లోనే టాక్స్ కలిసి ఉందనుకుంటే 47,619 రూపాయలు. అందులోంచి నూనె మీద, సీసాల మీద, కొరియర్ మీద కట్టిన జీఎస్టీ తీసేయొచ్చు. తీసేసినా కాంపోజిషన్ కన్నా ఎక్కువే పడుతుంది, నిజమే. హైదరాబాద్ ఆర్డర్లు వదులుకుంటావా అంటే మాత్రం పిన్ని ఒప్పుకోలేదు, కాబట్టి రెగ్యులర్. మీకు అమ్మకాలన్నీ ఊళ్లోనే, కొనేవాళ్లు బిల్లులో జీఎస్టీ నంబర్ అడగనివాళ్లు అయితే కాంపోజిషన్ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. కొనేది వ్యాపారస్తులైతే వాళ్లకి క్రెడిట్ కావాలి, మీ దగ్గర అది రాకపోతే పక్క కొట్టుకి పోతారు.

రేటు ఎక్కడ పెట్టాలి

అసలు పోలిక ఇక్కడ మొదలవుతుంది. జీఎస్టీ రేటుని ఒక్కో ఐటమ్‌కి విడిగా పెట్టొచ్చు, ఐటమ్‌లని గ్రూపులుగా చేసి గ్రూపుకి పెట్టొచ్చు, కొట్టంతా ఒకటే రేటైతే మొత్తం కంపెనీకే పెట్టొచ్చు. టాలీలో ఈ మెట్లన్నీ ఉన్నాయి, పైగా సేల్స్ లెడ్జర్‌కి, అంటే అమ్మకాల ఖాతాకి కూడా పెట్టుకోవచ్చు. వ్యాపార్‌లోనూ జోహో బుక్స్‌లోనూ ప్రధానంగా ఐటమ్ దగ్గరే పెడతాం.

ఆటోనగర్‌లో మా బావకి లారీ స్పేర్ పార్టుల షాపు. ఐటమ్‌లు మూడు వేల పైన. మొదట్లో నేను గ్రూపులు తయారుచేసినప్పుడు తయారీ కంపెనీల పేర్లతో చేశాను, రేట్లు ఐటమ్ దగ్గర పెట్టాను. అప్పుడు బాగానే ఉంది. 2025 సెప్టెంబరు 22న 28 శాతం ఉన్న ఆటో పార్టులు 18కి వచ్చాయి. బేరింగులు, ఆయిల్ లాంటివి ముందు నుంచీ 18లోనే ఉన్నాయి. బావ దగ్గర ట్రాక్టర్ సరుకు కూడా కొంత ఉంటుంది, అందులో కొన్ని 5కి దిగాయి. మూడు రకాల సరుకూ ఒకే కంపెనీ గ్రూపులో కలిసిపోయి ఉంది. దసరా సరుకు దిగుతున్న వారంలో రెండు రాత్రులు కూర్చుని ఒక్కో ఐటమ్ మార్చాం. మా హోల్‌సేల్ కొట్టులో మాత్రం గ్రూపులు రేట్ల ప్రకారం ఉన్నాయి, టీ చల్లారేలోపు అయిపోయింది.

అంతటితో ఆగితే బాగుండేది. తొందరలో నేను పాత రేటు మీదే కొత్తది రాసేశాను, "ఫలానా తేదీ నుంచి" అన్న గడి వదిలేసి. వారం తర్వాత బావ ఆగస్టు బిల్లు ఒకటి తెరిచాడు, కస్టమర్ ఫోన్ నంబర్ సరిచేయడానికి. సరిచేసి సేవ్ కొట్టాడు. క్లచ్ ప్లేట్ సెట్లు, సరుకు విలువ 10,000. దాని మీద 2,800 ఉండాల్సిన టాక్స్ చడీచప్పుడు లేకుండా 1,800 అయిపోయింది. ఆగస్టు జీఎస్టీ రిటర్న్ అప్పటికే వెళ్లిపోయింది, జీఎస్టీ పోర్టల్‌లో ఒక లెక్క, మా పుస్తకంలో ఒక లెక్క. వెయ్యి రూపాయల తేడా ఎక్కడుందో వెతకడానికి నాకు ఒక ఆదివారం పోయింది, బావకి నా మీద ఉన్న గౌరవం కూడా కొంత పోయింది.

అందుకే సాఫ్ట్‌వేర్ చూపించడానికి ఎవరైనా వస్తే నేను అడిగేది ఇదే: రేటుకి తేదీ పెట్టొచ్చా, పాత బిల్లు మళ్లీ తెరిస్తే పాత రేటే నిలుస్తుందా, ఇదిగో నా కళ్ల ముందు చేసి చూపించు. టాలీలో "అప్లికబుల్ ఫ్రమ్" అని తేదీ ఉంటుంది, పాత రేటు చరిత్ర అలాగే ఉండిపోతుంది, నాకు దాని మీద మొగ్గు ఉండటానికి సగం కారణం అదే. ఐటమ్‌కి ఒకటే రేటు పెట్టుకునే పద్ధతైతే రేటు మారే రోజు ముందు బ్యాకప్ తీసి పెట్టుకోండి, పాత బిల్లుల్లో వేలు పెట్టకండి.

తేదీ పెట్టినా ఒకటి మిగులుతుంది. ఆగస్టులో 28కి అమ్మిన పార్టు అక్టోబరులో తిరిగొస్తే క్రెడిట్ నోట్ (తిరిగొచ్చిన సరుకుకి ఇచ్చే చీటీ) అసలు బిల్లు రేటుకే, అంటే 28కే వేయాలి. సాఫ్ట్‌వేర్ మాత్రం అక్టోబరు తేదీ చూసి 18 చూపిస్తుంది, అక్కడ మీరే చేత్తో మార్చాలి. అలా మార్చనిచ్చే సౌకర్యం ఉందో లేదో కూడా కొనేముందే చూసుకోండి.

ఇంకో మాట. రేటు ఏ మెట్టులో పెట్టినా ఒక్క మెట్టులోనే పెట్టండి. గ్రూపులో ఒకటి, లెడ్జర్‌లో ఒకటి, ఐటమ్‌లో ఇంకోటి ఉంటే బిల్లులో ఏది దిగిందో తర్వాత మీకే అర్థం కాదు.

టాక్స్ కలిపిన ధరా, విడిగానా

చిన్న టిక్కే గానీ దీని దెబ్బ గల్లాపెట్టెకే తగులుతుంది. టాక్స్ కలిపి 1,180కి అమ్మే వస్తువుని "టాక్స్ లేకుండా" అని పెడితే బిల్లు 1,392 రూపాయల 40 పైసలు అవుతుంది, కస్టమర్ అక్కడే గొడవ పెట్టుకుంటాడు కాబట్టి తప్పు వెంటనే బయటపడుతుంది. తిరగేసి చేస్తే మాత్రం ఎవరూ అరవరు. 1,000 ప్లస్ టాక్స్‌గా అమ్మాల్సింది 1,000లోనే టాక్స్ కలిసిపోయి, బిల్లుకి 152 రూపాయల 54 పైసలు మీ చేతిలోంచి పోతుంటాయి.

హోల్‌సేల్ అయితే టాక్స్ విడిగా, చిల్లర అమ్మకమైతే కలిపి. వ్యాపార్‌లో ఇది ఐటమ్ దగ్గరే ఉంటుంది, ధర పక్కన టాక్స్‌తోనా లేకుండానా అని. జోహోలో బిల్లు వేసేటప్పుడు బిల్లు మొత్తానికి ఎంచుకోవచ్చు. టాలీలో ఎఫ్12 లోకి వెళ్లి టాక్స్ కలిపిన రేటు గడి తెరుచుకోవాలి, తెలియనివాళ్లకి అది కనపడదు. రెండు రకాల బేరాలూ ఉన్న కొట్టుకి బిల్లు దగ్గర మార్చుకునే పద్ధతే సుఖం.

రెడీమేడ్ బట్టల వాళ్లు ఇక్కడ ఇంకాస్త ఆగాలి. ఒక్కో డ్రెస్ అమ్మకం విలువ 2,500 దాకా 5 శాతం, దాటితే 18. ఆ 2,500 అనేది టాక్స్ కలపకముందు విలువ. బీసెంట్ రోడ్డులో ఒక షాపాయన 2,600 లేబుల్ ఉన్న ప్రతి కుర్తాకీ 18 వేసుకుంటూ పోయాడు. 2,600లోంచి 5 శాతం విడదీస్తే విలువ 2,476, అంటే 5 శాతమే పడాలి. టాక్స్ కలిపి 2,625 దాకా అంతే. ఇక తమాషా ఏంటంటే 2,700 అని లేబుల్ వేశారనుకోండి, 5 శాతంతో విడదీస్తే విలువ 2,571, పరిమితి దాటింది కాబట్టి 18 వేయాలి, 18తో విడదీస్తే 2,288, పరిమితి లోపలే ఉంది కాబట్టి 5 వేయాలి! 2,625 దాటిన దగ్గర్నుంచి 2,950 దాకా ఇదే తంతు. సాఫ్ట్‌వేర్ ఏదో ఒక వైపు తేల్చేస్తుంది, అది దాని తలనొప్పి కాదు. టాక్స్ కలిపిన లేబుల్ ఆ మధ్యలో వేయకుండా ఉండటమే మేలు. టాలీలో విలువని బట్టి రేటు మారేలా శ్లాబులు పెట్టుకోవచ్చు కాబట్టి రెడీమేడ్ షాపులకి అది నప్పుతుంది. చీరలు గుడ్డ కిందికి వస్తాయి, వాటికి ఈ బెడద లేదు, 5 శాతమే.

రాష్ట్రం గడి

మన రాష్ట్రంలోనే అమ్మితే (దాన్నే నేను ఊళ్లో అమ్మకం అంటాను) కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ చెరి సగం, రాష్ట్రం దాటితే రెండూ కలిపి ఐజీఎస్టీ. సాఫ్ట్‌వేర్ దాన్ని తేల్చేది మీ రాష్ట్రం, కస్టమర్ రాష్ట్రం పోల్చి. కొత్త కస్టమర్‌ని ఎక్కించేటప్పుడు రాష్ట్రం గడి చూడకుండా వదిలేస్తే నల్గొండ వాడికి కూడా సీజీఎస్టీ పడిపోతుంది. జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండంకెలు చూస్తే చాలు, 37 అంటే మనం, 36 అంటే తెలంగాణ, 33 తమిళనాడు. జోహోలో ఒక్కో ఐటమ్‌కి ఊళ్లో రేటు, బయట రేటు అని రెండు గడులు ఉంటాయి, రెండూ నింపాలి. టాలీలో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, ఐజీఎస్టీ అని మూడు లెడ్జర్లు డ్యూటీస్ అండ్ టాక్సెస్ కింద మనమే తెరవాలి, టాక్స్ టైప్ సరిగ్గా ఎంచి. తప్పు ఖాతాలో కట్టేస్తే సరైనదాంట్లో మళ్లీ కట్టి, మొదట కట్టింది రీఫండ్ అడగాలి. వడ్డీ అయితే పడదు గానీ డబ్బు కొన్నాళ్లు ఇరుక్కుంటుంది.

జీఎస్టీ నంబర్ లేని మామూలు కస్టమర్ హైదరాబాద్ నుంచి వచ్చి కౌంటర్ దగ్గర కొనుక్కుపోతే అది ఊళ్లో అమ్మకమే. కానీ బిల్లు మీద అతని హైదరాబాద్ అడ్రస్ రాశారా, 2023 అక్టోబరు నుంచి ఉన్న రూల్ ప్రకారం అది తెలంగాణ అమ్మకమైపోతుంది, ఐజీఎస్టీ వేయాలి. అడ్రస్ అవసరం లేని చోట రాయకండి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్

కౌంటర్ దగ్గర ఒక్కరే ఉండి ఫోన్‌లో బిల్లు కొట్టి వాట్సాప్‌లో పంపే షాపుకి వ్యాపార్ చాలు. నెట్ లేకపోయినా నడుస్తుంది, కాంపోజిషన్ అయితే సెట్టింగ్స్‌లో టాక్స్ దగ్గర ఒక టిక్, అంతే. జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) రిపోర్టు ఎక్సెల్‌లో తీసి ఆడిటర్‌కి పంపొచ్చు. మా పిన్నికి నేను పెట్టింది అదే. ఐటమ్‌లు వేలల్లో ఉండి, అరువు ఖాతాలు వందల్లో ఉంటే మాత్రం ఫోన్ తెర మీద ఊపిరాడదు.

జోహో బుక్స్ బ్రౌజర్‌లో నడుస్తుంది. జీఎస్టీ రేట్లు, ఊళ్లో అమ్మకానికి రెండుగా విడిపోయే గ్రూపులు తయారుగా ఉంటాయి, సెట్టింగ్ పని మూడింట్లోకీ తక్కువ ఇందులోనే. డిజైనర్లు, కన్సల్టెంట్లు, నెలకి ముప్పై బిల్లులు వేసే సర్వీసు వాళ్లు, రెండు ఊళ్లలో కూర్చుని ఒకే లెక్క చూసుకునే భాగస్తులు, వీళ్లకి నేను ఇదే చెప్తాను. నెట్ పోతే మాత్రం కౌంటర్ ఆగుతుంది. ఆటోనగర్‌లో లారీ బయట హారన్ కొడుతుంటే పేజీ తెరుచుకునేదాకా ఆగే ఓపిక మా బావకి లేదు.

టాలీ నేర్చుకోవాలి, అది దాచడమెందుకు. ఎఫ్11 తెరిచి జీఎస్టీ ఎనేబుల్ చేసి, లెడ్జర్లు తెరిచి, రౌండ్ ఆఫ్ లెడ్జర్ పెట్టి, స్టాక్ గ్రూపులు కట్టి... ఒక రోజు పోతుంది. కానీ ఆ ఒక రోజు సరిగ్గా కూర్చుంటే తర్వాత ఏళ్ల తరబడి కదిలించక్కర్లేదు, పైగా ఈ ఊళ్లో గుమస్తాగా ఎవరిని పెట్టుకున్నా టాలీ వచ్చే ఉంటుంది. స్పేర్ పార్టులు, బట్టల హోల్‌సేల్, ఎరువులు, ఇనుము, ఇలా సరుకు ఎక్కువ, అరువు ఎక్కువ ఉన్న చోట నా ఓటు దీనికే. మందుల హోల్‌సేల్ వాళ్లు మార్గ్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటారు, బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీల గొడవ ఉంటుంది కాబట్టి అది వాళ్లకి సరే.

టాలీ లెక్కలు మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కింది అంతస్తుల్లోని కంప్యూటర్లు కూడా నీళ్లలోనే ఉన్నాయి. రోజూ రాత్రి బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి తీసుకెళ్లండి, లేదా ఆన్‌లైన్‌లో పెట్టండి. పెన్‌డ్రైవ్ కూడా ఆ టేబుల్ సొరుగులోనే ఉంటే లాభం లేదు.

గుంటూరు వైపు వాళ్లకి ఒక ప్రత్యేక ప్రశ్న ఉంది, రివర్స్ చార్జ్. పత్తి, పొగాకు ఆకు రైతు దగ్గర నేరుగా కొంటే జీఎస్టీ కట్టాల్సింది కొన్నవాళ్లే. మిర్చికి ఆ రూల్ లేదు. లారీ కిరాయిల మీద కూడా చాలాసార్లు ఇది పడుతుంది, పత్తితో సంబంధం లేని కొట్లకి సైతం. కాబట్టి కొనుగోలు ఎంట్రీలో రివర్స్ చార్జ్ టిక్ పెట్టి చూసి, ఆ మొత్తం రిటర్న్ రిపోర్టులో విడిగా వస్తోందా లేదా చూసుకోండి.

ఇవన్నీ చదివాక కూడా ఎటూ తేల్చుకోలేకపోతే మీ ఆడిటర్ ఏది వాడతారో అది కొనండి. నిజంగానే. మీకు యాప్ ఎంత నచ్చినా రిటర్న్ వేసేది ఆయన గుమస్తా, వాళ్లకి అలవాటు లేని ఫైలు పంపితే మీ బిల్లులన్నీ మళ్లీ చేత్తో ఎక్కిస్తారు, ఆ ఎక్కించడంలో తప్పులు దొర్లుతాయి. 2025 జూలై నెల రిటర్న్ నుంచి జీఎస్టీఆర్-1లో పోయిన టాక్సే జీఎస్టీఆర్-3బిలో (టాక్స్ కట్టే రిటర్న్‌లో) దిగి కూర్చుంటుంది, అక్కడ దిద్దడానికి ఉండదు, 3బి వేసేలోపు జీఎస్టీఆర్-1ఎ అనే దిద్దుబాటు ఫారంలోనే సరిచేసుకోవాలి. తప్పు ఎంత ముందు పట్టుకుంటే అంత చవక.

మొదలుపెట్టే రోజు

ఏప్రిల్ 1 అయితే మంచిది, కుదరకపోతే మూడు నెలల విడత మొదట్లో, ముఖ్యంగా ఏడాదికి 5 కోట్ల లోపు ఉండి మూడు నెలలకోసారి రిటర్న్ వేసేవాళ్లు. బిల్లు నంబర్ 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో ఒకసారి వాడింది మళ్లీ రాకూడదు. పాత పుస్తకంలో 412 దాకా వేసి ఉంటే కొత్తదాంట్లో మళ్లీ 1 నుంచి మొదలుపెట్టకండి, 413 నుంచి వేయండి, లేదంటే ముందు ఒక అక్షరం చేర్చి వేరే వరస పెట్టండి. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (సరుకు ఏ రకమో చెప్పే నంబర్) 5 కోట్ల లోపు వాళ్లకి నాలుగంకెలు చాలు, లారీ పార్టులకి 8708 లాగా.

అసలు లెక్క ఎక్కించే ముందు ఉత్తుత్తి కంపెనీ ఒకటి తెరిచి నాలుగు బిల్లులు కొట్టండి. ఊళ్లో వ్యాపారికి ఒకటి, 36తో మొదలయ్యే నంబర్‌కి ఒకటి, పేరూ ఊరూ లేని నగదు కస్టమర్‌కి ఒకటి, ఇందులో ఒకదానికి తిరిగొచ్చిన సరుకు క్రెడిట్ నోట్ ఒకటి. పక్కనే కాల్క్యులేటర్ పెట్టుకుని పైసలతో సహా సరిచూసి, జీఎస్టీఆర్-1 రిపోర్టు తీసి ఆ నాలుగూ ఏ ఏ టేబుల్లో పడ్డాయో ఆడిటర్‌కి ఫొటో పంపండి. ఆయన సరే అన్నాక పోర్టల్‌లో క్రెడిట్ లెడ్జర్ తెరిచి, అక్కడున్న సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, ఐజీఎస్టీ నిల్వలు మూడూ విడివిడిగా ఓపెనింగ్ బ్యాలెన్సులుగా ఎక్కించండి. మూడూ కలిపి ఒకే అంకెగా ఎక్కించిన పుస్తకాలు నా దగ్గరికి ఇప్పటికి రెండు వచ్చాయి.